చదరంగపు పటంపై ఇరవై అంకెల సంఖ్య: కోసి చూస్తే కనిపించేది

సభకు నమస్కారం.

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని మొదటి గడికి ఒక గింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు చొప్పున అరవై నాలుగు గళ్లకూ ధాన్యం అడిగిన కథ మీరందరూ విన్నదే కనుక దాన్ని మళ్లీ చెప్పి మీ సమయం తీసుకోను. ఆ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఒక్క చోటే ఆగిపోతారు: మొత్తం ఎంత పెద్దదో చెప్పి, వినేవాళ్లు నోరు తెరవగానే ముగిస్తారు. గింజ ఒక్కొక్కటి 25 మిల్లీగ్రాములు తూగుతుందనుకుంటే మొత్తం సుమారు 46 వేల కోట్ల టన్నులు అవుతుందనీ, ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నుల చిల్లర అనుకుంటే తొమ్మిది వందల ఏళ్ల పంటకు సమానమనీ లెక్క కట్టవచ్చు. నిజమే. కానీ పెద్దతనం ఒక్కటే విశేషమైతే ఆ సంఖ్యకు మరో సున్న చేర్చి ఇంకా పెద్దదాన్ని ఎవరైనా చెప్పగలరు. ఈ సంఖ్యను గురించి ప్రత్యేకంగా ఒక సాయంత్రం మాట్లాడుకోవడానికి కారణం దాని పొడవు కాదు, దాని లోపలి కట్టుబడి. ఆ కట్టుబడిని చూడడానికి కత్తెర, ఒక కాగితపు చదరంగపు పటం చాలు. రెండూ ఇక్కడ బల్ల మీద ఉన్నాయి.

ముందుగా సంఖ్యను చూద్దాం: 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615. గణిత పరిభాషలో ఇది 2⁶⁴ − 1. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ పోయే గుణశ్రేఢిలో ఏ గడి వరకు కూడినా, ఆ మొత్తం తర్వాతి గడిలో పడవలసిన గింజల కంటే సరిగ్గా ఒకటి తక్కువ ఉంటుంది. పటం మీద లేని అరవై అయిదవ గడిని ఊహించుకుంటే అందులో 2⁶⁴ గింజలు పడాలి కనుక, మొత్తం దానికి ఒకటి తక్కువ.

ఈ సంఖ్యకు తెలుగులో ఒక పాత చిరునామా ఉంది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరిట ఒక చంపకమాల ప్రసిద్ధంగా ఉంది. అందులో మొదటి రెండు పాదాలూ, మూడవ పాదం ఆరంభమూ పూర్తిగా ఈ సంఖ్యే:

శరశశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇది భూతసంఖ్యా పద్ధతి, అంటే అంకెలను వస్తువుల పేర్లతో చెప్పడం. మన్మథుని బాణాలు అయిదు కనుక శరమన్నా సాయకమన్నా 5; చంద్రుడు ఒక్కడే కనుక శశి, చంద్రుడు, తుహినాంశువు మూడూ 1; శరీరంలోని రంధ్రాలు 9; ఆకాశం శూన్యం కనుక వియత్తు, గగనం 0; కులపర్వతాలు ఏడు కనుక నగం, భూధరం, గిరి 7; త్రేతాగ్నులు 3; సముద్రాలు, వేదాలు, పద్మజుడైన బ్రహ్మ ముఖాలు 4; షట్కమంటేనే ఆరు, తర్కాలు కూడా 6; కుంజరమంటే ఏనుగు, దిగ్గజాలు 8. అంకెలను ఎడమవైపుకు నడిపించడం ఈ పద్ధతిలో నియమం కనుక మొదటి మాట ఒకట్ల స్థానంలో పడుతుంది. 5, 1, 6, 1, 5, 5, 9, 0, 7, 3, 7, 0, 4, 4, 7, 6, 4, 4, 8, 1 అని రాసుకొని వెనక నుంచి చదవండి. ఇరవై అంకెలూ సరిపోతాయి.

సరిపోతాయని మాటవరసకు చెప్పడం వేరు, పరీక్షించడం వేరు. అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. 87ను 9తో భాగిస్తే శేషం 6. అటువైపు 2⁶ అంటే 64, 9తో భాగిస్తే 1 మిగులుతుంది. కనుక 2⁶⁰కి కూడా 1 మిగులుతుంది, 2⁶⁴కి 16 లోంచి 9 పోగా 7, ఒకటి తీసేస్తే 6. ఇది మన పెద్దవాళ్లు కూడికలకు, గుణకారాలకు వేసుకొనే తొమ్మిదుల సరిచూపే. కానీ దీనికొక లోపం ఉంది: రెండు అంకెలు తారుమారైతే మొత్తం మారదు కనుక ఈ పరీక్ష పసిగట్టలేదు. రాతప్రతిలో మాటలు తారుమారు కావడమే ఎక్కువగా జరిగే తప్పు కదా. అక్కడ ఛందస్సు కాపలా కాస్తుంది. "శరశశి"ని "శశిశర" అని రాస్తే గణాలు చెడవు, యతి కూడా చెడదు, కానీ రెండవ అక్షరం రేఫ కాకుండా పోయి ప్రాస చెడుతుంది. "సాయక రంధ్ర"ను తిప్పితే గురులఘువుల వరుస చెడుతుంది. అయితే "షట్క చంద్ర"ను "చంద్ర షట్క" అని రాస్తే? రెండూ గురువు తర్వాత లఘువే; గణాలకు, యతికి, ప్రాసకు దేనికీ భంగం లేదు, తొమ్మిదుల లెక్కకూ చిక్కదు. దాన్ని పట్టేది పదకొండు. ఒకట్ల స్థానం నుంచి లెక్కిస్తే బేసి స్థానాల్లోని అంకెల మొత్తం 62, సరి స్థానాల్లోని మొత్తం 25, తేడా 37, దాన్ని 11తో భాగిస్తే శేషం 4. అటు 2¹⁰ను 11తో భాగిస్తే శేషం 1 కనుక 2⁶⁴కు 5, ఒకటి తీస్తే 4. సరిపోయింది. "చంద్ర షట్క" అని తిప్పి ఉంటే తేడా 27 అయి శేషం 5 వచ్చేది. పద్యం తప్పు లేకుండా మన దాకా వచ్చిందని నేను ఇంత ధైర్యంగా చెప్పడానికి ఆధారం ఇదే.

ఛందస్సు మాట వచ్చింది కనుక ఒక్క క్షణం పక్కకు వెళ్తాను, నిజానికి ఇది పక్కదారి కూడా కాదు. ఒక్కో అక్షరం గురువో లఘువో కావచ్చు కనుక ఎన్ని అక్షరాలుంటే అన్ని రెళ్లను గుణిస్తే ఆ ఛందంలోని వృత్తాల, అంటే గురులఘువుల వరుసల, సంఖ్య వస్తుంది. ఇరవై ఒక్క అక్షరాల పాదం ఉండే ప్రకృతి ఛందంలో 20,97,152 వృత్తాలు సాధ్యం. వాటిలో చంపకమాల ఎన్నవది? ఉద్దిష్టమనే పాత పద్ధతిలో పాదంలోని అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపులు వేసి, లఘువుల మీద పడ్డవాటిని మాత్రమే కూడి, ఒకటి కలపాలి. న, జ, భ, జ, జ, జ, ర గణాలకు ఆ లెక్క వేస్తే లఘువుల మొత్తం 7,11,599. ఒకటి కలిపితే 7,11,600. మన లాక్షణికులు ఈ వృత్తానికి చెప్పే సంఖ్య ఇదే. ఇరవై ఒక్క అక్షరాల మీద వేసిన ఆ రెట్టింపులు చదరంగపు మొదటి ఇరవై ఒక్క గళ్ల గింజలు తప్ప మరేమీ కావు. చదరంగపు లెక్కను చెప్పే పద్యానికి దాని వృత్తసంఖ్య కూడా అదే లెక్క నుంచి వచ్చిందన్నమాట. కవి ఇది తలచి చేశాడని నేను అనను.

ఇంత పెద్ద సంఖ్యను రాబట్టడానికి అరవై మూడు సార్లు రెట్టింపు చేయనక్కరలేదు. చిన్నప్పుడు నేను పలక మీద అలాగే మొదలుపెట్టి ఇరవయ్యవ గడి దాటకుండానే ఒక తప్పు చేసి, ఆ తప్పునే ముప్పయ్యవ గడి దాకా శ్రద్ధగా రెట్టింపు చేసుకుంటూ పోయాను. పింగళుని ఛందశ్శాస్త్రంలో తేలిక దారి ఉంది: సంఖ్య సరి అయితే సగం చేసి, తిరుగుదారిలో వర్గం చేయి, బేసి అయితే ఒకటి తీసి, తిరుగుదారిలో రెట్టింపు చేయి. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 అని ఆరు అడుగుల్లో ఒకటికి చేరతాం. తిరిగి వస్తూ 2, 4, 16, 256, 65,536, 4,29,49,67,296, ఆ పైన ఇరవై అంకెల సంఖ్య. ఆరు వర్గాలతో పని పూర్తి. క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బీరూనీ కూడా చదరంగపు లెక్కను ఈ వర్గాల దారిలోనే నడిపించాడు.

ఈ "ఆరు" అనే అంకెను గుర్తుంచుకోండి. ఇప్పుడు కత్తెర తీసుకుందాం.

ఈ కాగితపు పటంలో పై నాలుగు వరుసల్లో ఒకటి నుంచి ముప్ఫై రెండు వరకు గళ్లున్నాయి, కింది నాలుగు వరుసల్లో ముప్ఫై మూడు నుంచి అరవై నాలుగు వరకు. మధ్యన అడ్డంగా కోసి, కింది ముక్కను ఎత్తి పై ముక్క మీద పేరుద్దాం. మడత పెట్టవద్దు, మడిస్తే వరుసలు తలకిందులవుతాయి. ముప్ఫై మూడవ గడి ఒకటవ గడి మీద, ముప్ఫై నాలుగవది రెండవదాని మీద పడాలి. పైన పడ్డ ప్రతి గడిలోనూ కింద ఉన్న గడి కంటే 2³² రెట్లు గింజలు ఉంటాయి కనుక, ఒకదాని మీద ఒకటి పడిన ప్రతి జంటలోని మొత్తం, కింది గడిలోని గింజలకు 4,29,49,67,297 రెట్లు. అంటే పటం మొత్తం, పై సగం మొత్తానికి 4,29,49,67,297 రెట్లు. మిగిలిన నాలుగు వరుసలను రెండుగా కోసి పేర్చితే ఇదే తర్కంతో 65,537 బయటికి వస్తుంది. రెండు వరుసలను విడదీసి పేర్చితే 257. ఇక మిగిలింది ఎనిమిది గళ్ల ఒక్క వరుస. దాన్ని నాలుగు నాలుగుగా కోస్తే 17, రెండు రెండుగా కోస్తే 5, చివరి రెండు గళ్లను విడదీస్తే 3. చేతిలో మిగిలేది ఒక్క గడి, ఒక్క గింజ. ఆరు కోతలు, ఆరు గుణకాలు:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297.

పింగళుని ఆరు వర్గాలను వెనక్కి నడిపించడమే ఈ ఆరు కోతలు. గళ్లు అరవై నాలుగు కాకుండా అరవై ఒకటి అయి ఉంటే ఈ కత్తెరకు పని ఉండేది కాదు. 61 ప్రధాన సంఖ్య, అంటే ఒకటీ తానూ తప్ప వేరే భాజకం లేనిది కనుక పటం సమాన భాగాలుగా తెగదు, పైగా 2⁶¹ − 1 స్వయంగా ప్రధాన సంఖ్య అని 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ మతాచార్యుడు నిరూపించాడు. అయితే గళ్ల సంఖ్య ప్రధానమైనంత మాత్రాన మొత్తం ప్రధానం కానక్కరలేదు: 67 గళ్ల మొత్తం ప్రధానం కాదు.

ఇప్పుడు ఆ ఆరు గుణకాల సంగతి. ప్రతి ఒక్కటీ రెండుకు 1, 2, 4, 8, 16, 32వ ఘాతం వేసి ఒకటి కలిపితే వచ్చేదే. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. 3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలు కావడం చూసి ఫ్రెంచి గణితవేత్త పియరీ ద ఫెర్మా 1640లో, ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనన్న నమ్మకాన్ని తన ఉత్తరాల్లో వెలిబుచ్చాడు. గోల్డ్‌బాక్ అనే గణితవేత్త 1729లో ఆ మాటను మరో గణితవేత్త ఆయిలర్ చెవిన వేశాడు. 1732లో పాతికేళ్ల ఆయిలర్ ఆరవ గుణకాన్ని, అంటే మన మొదటి కోతలో వచ్చిన 4,29,49,67,297ను, 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు. భాగఫలం 67,00,417, అది ప్రధాన సంఖ్య.

ఆయిలర్ 641ని ఊరికే తడుముకొని పట్టుకోలేదు. ఏదైనా ఒక ప్రధాన సంఖ్య ఈ గుణకాన్ని భాగిస్తుందనుకోండి. ఆ ప్రధాన సంఖ్యతో ప్రతి గడిలోని గింజలనూ భాగించి శేషాలు మాత్రమే రాసుకుంటూ పోతే, ముప్ఫై మూడవ గడిలో శేషం భాజకానికి ఒకటి తక్కువ అవుతుంది, అంటే "మైనస్ ఒకటి". దాన్ని వర్గం చేస్తే ఒకటి కనుక పటం దాటిన అరవై అయిదవ గడిలో శేషం మళ్లీ ఒకటికి వస్తుంది. శేషాల చక్రం సరిగ్గా అరవై నాలుగు అడుగులది. ఏ బేసి ప్రధాన సంఖ్యకైనా, దానికి ఒకటి తక్కువ అడుగులు వేస్తే ఈ రెట్టింపుల శేషం ఒకటికి తిరిగి వస్తుందన్నది మరో సూత్రం. అందువల్ల అరవై నాలుగు ఆ "ఒకటి తక్కువ"ను భాగించి తీరాలి. అంటే మనం వెతకవలసినవి 64తో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలు మాత్రమే: 193, 257, 449, 577, 641. అయిదో ప్రయత్నానికే దొరికింది. ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచేది, ఆ రెండవ సూత్రం కూడా ఫెర్మాదే, అదే 1640 నాటిది. తన ఊహను పడగొట్టే ఆయుధాన్ని ఆయన తన చేత్తోనే తయారు చేసి పక్కన పెట్టుకున్నాడు, ఎందుకో దాన్ని ఇటు తిప్పలేదు.

641 నిజంగా భాగిస్తుందని పెద్ద భాగహారం చేయకుండానే చూడవచ్చు. ఇది నల్లబల్ల మీద నాలుగు పంక్తుల పని. 641 అంటే 640 + 1, అంటే 5 × 2⁷ + 1. కనుక 641తో భాగించినప్పుడు 5 × 2⁷కు శేషం మైనస్ ఒకటి. దాన్ని నాలుగవ ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸కు శేషం ఒకటి. కానీ 641 అంటే 625 + 16 కూడా, అంటే 5⁴ + 2⁴; కనుక 5⁴ బదులు మైనస్ 2⁴ అని వేసుకోవచ్చు. అప్పుడు మైనస్ 2³²కు శేషం ఒకటి, అంటే 2³² + 1కి శేషం సున్న. కాగితపు పటం దగ్గరకు వస్తే, ఒకటవ గడి, ముప్ఫై మూడవ గడి కలిపి 641 గుణిజం. రెండవది, ముప్ఫై నాలుగవది కలిపినా అంతే. ముప్ఫై రెండు జంటలూ అంతే. రాజుగారు తన ధాన్యాన్ని 641 మందికి ఒక్క గింజ మిగలకుండా సమానంగా పంచగలడు.

కనుక మన సంఖ్య పూర్తి విభజన ఇది: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండుసార్లు రాదు. రాకపోవడానికి కూడా కారణం ఉంది. ఏ ఫెర్మా సంఖ్యను తీసుకున్నా దాని ముందున్న వాటన్నిటి లబ్ధం దానికి సరిగ్గా రెండు తక్కువ ఉంటుంది: 3 × 5 అంటే 15, అది 17కు రెండు తక్కువ, 15 × 17 అంటే 255, అది 257కు రెండు తక్కువ. రెండు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉంటే అది రెండును భాగించాలి, అవన్నీ బేసి సంఖ్యలు కనుక అది కుదరదు. ఈ ఒక్క గమనికతోనే గోల్డ్‌బాక్ 1730లో ప్రధాన సంఖ్యలకు అంతం లేదని నిరూపించాడు. ఏడింటిలో ప్రతి ఒక్కదాన్నీ తీసుకోవడమో మానడమో చేయవచ్చు కనుక మన సంఖ్యకు భాజకాలు 128. ఏడక్షరాల ఉష్ణిక్ ఛందంలో వృత్తాలు ఎన్నో అన్ని.

ఆ భాజకాల్లో ఒకటి 4,29,49,67,295, అంటే పై సగం పటం మొత్తం, 3, 5, 17, 257, 65,537ల లబ్ధం. దీని భాజకాలకు జ్యామితిలో ఒక పదవి ఉంది. 1796లో పద్దెనిమిదేళ్ల గౌస్, స్కేలు వృత్తలేఖినులతో మాత్రమే పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని కనుగొన్నాడు. ఆ దారిలో తేలినదేమిటంటే, బేసి సంఖ్యలో భుజాలుండి అలా గీయడానికి వీలైన క్రమ బహుభుజుల భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమే అయి ఉండాలి. అవి తప్ప వేరేవి కుదరవని 1837లో వాంట్సెల్ నిరూపించాడు. మనకు తెలిసిన ఫెర్మా ప్రధానాలు అయిదే కనుక, తెలిసినంతలో అలాంటి బహుభుజులు ముప్ఫై ఒకటి. అన్నిటికన్నా పెద్దదానికి భుజాలు సగం పటంలోని గింజలన్ని. 65,537 భుజాల బహుభుజి నిర్మాణానికి హెర్మెస్ అనే జర్మన్ ఉపాధ్యాయుడు పదేళ్లు వెచ్చించి రాసిన రాతప్రతి గట్టింగెన్‌లో భద్రంగా ఉంది. దాన్ని ఎందరు చివరిదాకా చదివారన్నది నేను అడగను. పూర్తి పటం సంఖ్యకు ఆ పదవి లేదు. 641 ఒక్కటి లోపల ఉన్నందుకు అది పోయింది.

కాశీలోని ఒక గుడిలో అరవై నాలుగు బంగారు పళ్లేలను ఒక సూది నుంచి మరో సూదికి మారుస్తూ పూజారులు కూర్చున్నారనీ, పని ముగిసేసరికి లోకం ముగుస్తుందనీ ఒక కథ ఉంది. అది కాశీలో పుట్టింది కాదు. ఎడ్వార్డ్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 1883లో అమ్మకానికి పెట్టిన ఆటవస్తువుతో పాటు వచ్చింది. పళ్లెం ఒకటి పెరిగితే మార్పులు రెట్టింపై ఒకటి కలుస్తాయి కనుక అక్కడా జవాబు మన సంఖ్యే. సెకనుకు ఒక మార్పు చొప్పున 58 వేల కోట్ల ఏళ్లు దాటుతుంది. ఆ లూకాయే ఆయిలర్ నియమాన్ని మరింత బిగించి, వెతకవలసినవి 64తో కాక 128తో భాగిస్తే ఒకటి మిగిలేవి మాత్రమేనని చూపించాడు. ఆ జల్లెడలో పైన చెప్పిన అయిదింటిలో 193, 449, 577 జారిపోతాయి, 257, 641 మిగులుతాయి.

ఇక చివరి మాట. మన సంఖ్య పక్కింటివాళ్లను చూడండి. ఒకటి కలిపితే 2⁶⁴. దానికి రెండు తప్ప ప్రధాన కారణాంకమే లేదు. రెండు కలిపితే తర్వాతి ఫెర్మా సంఖ్య, 1,84,46,74,40,73,70,95,51,617. దాన్ని ఎనభై రెండేళ్ల వయసులో, 1880లో, లాండ్రీ అనే ఫ్రెంచి ఆయన 2,74,177 × 6,72,80,42,13,10,721 అని విడగొట్టాడు. అది కూడా సంయుక్తమే, అంటే ప్రధానం కాదు. ఆ తర్వాతి ఫెర్మా సంఖ్యల్లో, 2కు 2³²వ ఘాతం వేసి ఒకటి కలిపిన దాని వరకు, ప్రతి ఒక్కటీ సంయుక్తమేనని తేలింది. ఆ తర్వాతిది, 2కు 2³³వ ఘాతం వేసి ఒకటి కలిపినది, ఏమిటో ఇంకా తేలలేదు. 65,537 తర్వాత మరో ఫెర్మా ప్రధానం ఉందో లేదో ఎవరూ నిరూపించలేదు. ప్రశ్నలుంటే అడగండి, పటం ముక్కలు ఇక్కడే ఉన్నాయి, పిల్లలు వచ్చి పేర్చి చూడవచ్చు.